కిందికి దించిన కారుకు టైర్లు నిలవాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ముందు ఎడమ టైరు బయటివైపు గాడులు నిన్న కొన్నట్టు ఉన్నాయి. లోపలి అంచున మాత్రం రబ్బరు పోయి తీగలు కనిపిస్తున్నాయి. టైరు నాసిరకమనీ, కంపెనీకి ఫిర్యాదు రాస్తాననీ అన్నావు. రాయకు. స్ప్రింగులు మార్పించి కారును అంగుళంన్నర కిందికి దించావు. ఆ తరువాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, ఊసే ఎత్తకుండా శ్రీకాకుళం నుంచి విశాఖకు హైవే మీద తిరుగుతున్నావు. ఆ స్థితిలో ఏ కంపెనీ టైరు వేసినా ఇదే గతి. ముందు దాన్ని విప్పి స్టెప్నీ వేసుకో. తీగలు బయటపడిన టైరుతో ఎచ్చెర్ల దాకా కూడా వెళ్లవద్దు. కుడివైపు టైరు కూడా చూసుకో. ఒకవైపు ఇలా ఉంటే రెండోది బాగుండడం అరుదు.

కారు దించడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు ముందుగా ఈ సంగతే ఎత్తుతారు. తెలిసి చేశావో తెలియక చేశావో నీకే తెలియాలి. ఇక టైర్ల సంగతి.

నీతో వర్క్‌షాపులో ఎవరో "క్యాంబర్ పోయింది, క్యాంబర్ కిట్ వేయించు" అన్నారని రాశావు. క్యాంబర్ అంటే ముందునుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలిన వాలు. అది మారిన మాట నిజమే. ముందు చక్రాన్ని కింద లోయర్ ఆర్మ్ అనే అడ్డ చేయి, పైన స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే స్ట్రట్ పట్టుకుని ఉంటాయి. కారు దిగితే ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. కానీ ఆ వాలు ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ లోపల ఉంటే టైరు ఇంత త్వరగా పోదు. లోపలి అంచు కొంచెం ముందు అరుగుతుంది, అంతే. నీ టైరును తినేసింది టో.

టో అంటే పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, ముందువైపు దగ్గరకు వచ్చాయా, విడిపోయాయా అన్న లెక్క. స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీ, అంటే ర్యాక్, నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ ఒక వంపులో కదులుతుంది, లోయర్ ఆర్మ్ మరో వంపులో కదులుతుంది. కంపెనీ నిర్ణయించిన ఎత్తులో ఆ రెండూ పొసగుతాయి. ఎత్తు మారిస్తే పొసగవు. టై రాడ్ చక్రాన్ని ఒకవైపుకు నెట్టడమో లాగడమో చేస్తుంది. ఎటు తిప్పుతుందన్నది ర్యాక్ ఇరుసుకు ముందు ఉందా వెనక ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏ స్ప్రింగు పెట్టె మీదా ఈ సంగతి రాసి ఉండదు.

ఎంత నష్టమో లెక్క వేసి చూడు. టైరు వ్యాసం సుమారు 600 మిల్లీమీటర్లు అనుకో. రెండు చక్రాలకూ కలిపి టో 6 మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో చక్రానికి 3. ఆరు వందలకు మూడు అంటే నూటికి అర. కిలోమీటరు నడిస్తే ఒక్కో టైరు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోయినట్టు. వంద కిలోమీటర్లకు అర కిలోమీటరు. విశాఖ వెళ్లిన ప్రతిసారీ నీ ముందు టైర్లను అర కిలోమీటరు పైగా తారు మీద అడ్డంగా గీకుతున్నావన్నమాట. దానికి తోడు క్యాంబర్ వల్ల బరువు లోపలి అంచు మీదే పడుతోంది కనుక గీకుడంతా అక్కడే జరిగింది. అందుకే బయటివైపు కొత్తగా ఉంది.

ఇది చేతికే తెలుస్తుంది. బండి ఆపి, టైరు చల్లారాక, అరచేతిని గాడుల మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలికి నెమ్మదిగా జరుపు. తరువాత లోపలి నుంచి బయటికి జరుపు. ఒకవైపు నున్నగా సాగి, రెండోవైపు రంపంలా గీరుకుంటే టో తప్పినట్టు. లోపలికి జరిపినప్పుడు గీరుకుంటే చక్రాలు ముందువైపు విడిపోయి ఉన్నాయి. బయటికి జరిపినప్పుడు గీరుకుంటే ముందువైపు దగ్గరకు వచ్చాయి. రెండువైపులా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రం పలచబడితే అది ఒట్టి క్యాంబర్. అక్కడక్కడ గుంటలు గుంటలుగా తగిలితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయింది. ఆ స్థితిలో అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు, దించిన కారుకైతే అసలే కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపుకు తిప్పు, చక్రం లోపలి భాగం బయటికి వస్తుంది. గాడుల అడుగున చిన్న దిమ్మల్లాంటి గుర్తులు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు ఎక్కడైనా ఆ దిమ్మలతో సమానమైతే టైరు కాలం తీరినట్టే. మధ్యలో ఎంత మిగిలిందన్నది లెక్కలోకి రాదు. వెనక టైర్లకు కింద పడుకుని టార్చి వేసి చూడడం తప్ప దారి లేదు. చొక్కా మాస్తుంది, మాయనీ.

ఇప్పుడు అలైన్‌మెంట్ సెంటరుకు వెళ్లినప్పటి సంగతి. తొందరపడి ఈరోజే వెళ్లకు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక గానీ కుదురుకోవు. నీవి ఎప్పుడో కుదురుకున్నాయి, కానీ వెళ్లే ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. స్ప్రింగులు మార్చినప్పుడు లోయర్ ఆర్మ్ బోల్టులు వదులు చేసి, కారు జాకీ మీద ఉండగానే బిగించి ఉంటారు. అక్కడ కీలులా పనిచేసే రబ్బరు బుష్‌లు ఆర్మ్ వేలాడుతున్న స్థితిలోనే బిగుసుకుపోతాయి. కారు కిందికి దించగానే మెలి తిరిగి, నెలల్లో చిరిగిపోతాయి. బుష్ చిరిగితే ఎంత కచ్చితంగా పెట్టిన టో అయినా బ్రేకు వేసిన ప్రతిసారీ మారిపోతుంది. కనుక కారు బరువు నాలుగు చక్రాల మీదా ఉండగా ఆ బోల్టులు ఒకసారి వదులు చేయించి మళ్లీ బిగించమను. మన ప్రాంతంలో ఈ పని అడిగితే తప్ప చేయరు. అడిగితే ముఖం అదోలా పెడతారు. అయినా అడుగు.

సెంటరులో నాలుగు టైర్లకూ గాలి సమానంగా, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నంత పెట్టించాకే మిషన్ ఎక్కించమను. చక్రాలకు పట్లు బిగించాక కారును కొంచెం వెనక్కీ ముందుకూ దొర్లిస్తారు. రిమ్ వంకరను లెక్కలోంచి తీసేయడానికి అది. రద్దీగా ఉన్నప్పుడు కుర్రాళ్లు అది ఎగ్గొడతారు. నువ్వు పక్కనే నిలబడు. టీ తాగడానికి వెళ్లకు. స్టీరింగ్ నిటారుగా పెట్టి లాక్ చేశాకే టై రాడ్ ముట్టుకోవాలి. రాడ్ తిప్పే ముందు దాని మీది రబ్బరు తొడుగు క్లిప్పు వదులు చేయాలి. లేకపోతే తొడుగు రాడ్‌తోపాటే మెలి తిరిగి చిరుగుతుంది, వానాకాలంలో నీళ్లూ బురదా ర్యాక్‌లోకి పోతాయి. టైరు ఖర్చు తప్పించుకోబోయి ర్యాక్ ఖర్చు నెత్తిన వేసుకున్నట్టు అవుతుంది.

తెర మీద అంకెలు పచ్చగా కనబడగానే పని అయిపోయిందని అనుకోకు. ఆ పచ్చరంగు కంపెనీ ఎత్తులో ఉన్న కారుకు ఇచ్చిన హద్దులు. ఆ హద్దుల్లోనే ఒక చివర ఆగినా మిషన్ పచ్చగానే చూపిస్తుంది. నీ కారుకు రెండు చక్రాల టోనూ సున్నాకు వీలైనంత దగ్గరగా, రెండువైపులా సమానంగా పెట్టమను. ముందు ఎంత ఉంది, తరువాత ఎంత అయింది అన్న కాగితం అడిగి తీసుకో. కారులో దాచుకో. వచ్చేసారి అదే నీకు సాక్ష్యం.

క్యాంబర్ ఎంత ఉందో ఆ కాగితంలోనే తెలుస్తుంది. ఒకటిన్నర లోపల ఉండి, ఎడమకూ కుడికీ తేడా అర డిగ్రీ దాటకపోతే దాని జోలికి పోవద్దు. తేడా ఎక్కువైతే కారు ఒకవైపుకు లాగుతుంది. రెండున్నర, మూడు దాటితే అప్పుడు స్ట్రట్ అడుగున చక్రం వైపు బిగించే బోల్టుల్లో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్టు వేయించు. తలకూ మరకూ మధ్య ఒక పక్కకు ఉబ్బి ఉంటుంది, తిప్పితే చక్రం కొద్దిగా జరుగుతుంది. కొందరు హైడ్రాలిక్ జాకీ పెట్టి స్ట్రట్‌నే వంచి "సరిచేశాం" అంటారు. ఒప్పుకోకు. వంగిన స్ట్రట్‌లో రాడ్ ఒకవైపు రాసుకుని నూనె కారడం మొదలవుతుంది.

వెనక చక్రాల గురించి పెద్ద దిగులు అక్కర్లేదు. స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటి కార్లకు వెనక అడ్డంగా ఒకే దూలం ఉంటుంది. రెండు చక్రాలూ దానికే బిగించి ఉంటాయి. కారు దించినా వాటి వాలు పెద్దగా మారదు, సవరించడానికి బోల్టులూ ఉండవు. అయినా వెనక టైరు లోపలి అంచు తినేస్తూ ఉంటే దూలం ఏదో గుంతలో పడి వంగిందని అర్థం. పలచటి రేకు బిళ్లలు పెట్టి కొంత సరిచేయవచ్చు. నీవైపు సర్వీసు రోడ్లు చూశాక ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

మిషన్ మీద నమ్మకం లేకపోతే ఇంట్లోనే సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. సాలూరు లారీ షెడ్లలో మిషన్లు రాకముందు ఇదే చేసేవాళ్లం. ముందు చక్రాన్ని జాకీతో లేపి, టైరు మధ్య భాగానికి చుట్టూ సుద్ద పూయాలి. నేల మీద ఒక దిమ్మ పెట్టి, దానికి ఆనించిన మేకు మొన సుద్దకు తగిలేలా పట్టుకుని చక్రం తిప్పాలి. సన్నని గీత పడుతుంది. మేకు వణకకూడదు, కిటుకంతా అక్కడే. రెండో చక్రానికీ అంతే. కారు దించి, రెండు మూడు గజాలు ముందుకు తోసి, స్ప్రింగులు సర్దుకోనివ్వాలి. లారీకైతే గీత నుంచి గీతకు టేపు పట్టేవాళ్లం. నీ కారు కింద టేపు దూరదు. కనుక తాపీమేస్త్రీ దగ్గర ఉండే తూకంగుండు తెచ్చుకో. ఇరుసు ఎత్తులో, టైరు ముందువైపు గీత నుంచి ఒకసారి, వెనకవైపు గీత నుంచి ఒకసారి దారం వదిలి నేల మీద గుర్తు పెట్టు. రెండు చక్రాలకూ నాలుగు గుర్తులు వస్తాయి. కారు పక్కకు తోసేసి ముందు గుర్తుల మధ్య దూరం, వెనక గుర్తుల మధ్య దూరం కొలువు. ఆ రెంటికీ తేడాయే నీ టో. రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండు. నేల మాత్రం చదునుగా ఉండాలి. మీ వీధి అరుగు ముందు కుదరదు, అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే మేలు.

ఇక మిగిలినవి చిల్లర సంగతులు. గాలి పొద్దున్నే, బండి నడపకముందు చూసుకో. వేడెక్కిన టైరు అంకె నమ్మరాదు. చక్రాలను ముందువి వెనక్కీ, వెనకవి ముందుకూ అందరూ పది వేల కిలోమీటర్లకు మారుస్తారు, నువ్వు ఐదు వేలకే మార్చు. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే ఎడమది ఎడమకే, కుడిది కుడికే వేయాలి. హైవే మీద ఎనభై, తొంభై దగ్గర స్టీరింగ్ వణికితే అది బ్యాలెన్సింగ్ సంగతి, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం, అలైన్‌మెంట్‌తో పోదు. ఆ రెండూ ఒకటేనని చెప్పి రెండింటికీ డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు.

ఇంకా దించుతానని అన్నావట, మీ అమ్మ చెప్పింది. పాత స్ప్రింగులో రెండు చుట్లు కోయించే ఆలోచన ఉంటే మానుకో. కోసిన స్ప్రింగు కప్పులో సరిగా కూర్చోదు, గుంతలో చక్రం వేలాడినప్పుడు జారిపోగలదు. ఇప్పటికే నలుగురిని ఎక్కించుకుని అరసవల్లి వెళ్తే వెనక బంప్ స్టాపర్లు తగులుతున్నాయని నువ్వే రాశావు. ఆ రబ్బరు ముక్కలు అప్పుడప్పుడు తగలడానికి ఉన్నవి, బండి బరువు మోయడానికి కాదు.

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం అయ్యాక విజయనగరం రా. పండగ రోజుల్లో కోట చుట్టుపక్కల కారు పెట్టే చోటు దొరకదు. ఇక్కడ నాకు తెలిసిన సెంటరులో నా ముందే చేయిద్దాం. వచ్చేటప్పుడు కొత్త టైర్లు రెండూ ఒకే రకానివి కొని తీసుకురా. పక్కన ఉన్న నాలుగంకెల తేదీ చూసి కొను. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అలాగే కంపెనీ స్ప్రింగులు ఆ మెకానిక్ షెడ్డులోనే వదిలేసి ఉంటే వెంటనే వెళ్లి అడుగు, తుక్కు కింద అమ్మేస్తారు. కారు అమ్మే రోజున అవి కావాలి.

ఇట్లు,
మీ మామయ్య