హైవే మీదా, బీచ్‌లోనూ తిరిగే థార్‌కి బీడ్‌లాక్ వీల్స్ వేయించాలా?

మీరు చెప్పిన వాడకానికి వద్దు. కావలి నుంచి నెల్లూరుకు రోజూ హైవే మీద ఉద్యోగానికి పోతారు, శని ఆదివారాల్లో సముద్రం ఒడ్డుకి, ఎప్పుడైనా ఉదయగిరి కొండల వైపు. ఇసుకలో గాలి తగ్గిస్తే టైరు డిస్కు (రిమ్ము) నుంచి ఊడి వచ్చేస్తుందని ఎవరో భయపెట్టారు, టైరు అంచుని బోల్టులతో డిస్కుకి బిగించి పట్టే బీడ్‌లాక్‌లు నాలుగు చక్రాలకూ వేయించమన్నారు, ధర విన్నాక ఏం చేయాలో తేలడం లేదన్నారు. ఊడి రావడం అబద్ధం కాదు. నా బండికే ఊడింది. అయినా వద్దంటున్నాను.

నాకు మైపాడు అవతల రొయ్యల గుంటలున్నాయి. గట్ల మీదకీ, సరుగుడు తోపుల వెనకున్న ఇసుక దారికీ మామూలు కారు పనికిరాదని 2017లో ఇసుజు వీ-క్రాస్ కొన్నాను. మన పక్కన శ్రీసిటీలో తయారయ్యే బండే. అప్పట్లో ఇసుకలోకి దిగేముందు గాలి తీయడమంటే నాకు కంటి అంచనా. పుల్లతో వాల్వు నొక్కి, టైరు కాస్త పొట్ట వేసిందనిపించగానే ఆపేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం తడి ఇసుక మీద దక్షిణంగా పోతున్నాను, సముద్రం ఎడమ పక్క. పోటు మొదలైందని గమనించి ఒడ్డు పైకి ఎక్కుదామని స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి తిప్పాను. ముందు ఎడమ చక్రం దగ్గర ఫస్సుమని చప్పుడు. స్టీరింగ్ బరువెక్కి ఎడమకి లాగింది, బండి అక్కడే కూలబడింది. దిగి చూస్తే టైరు బయటి అంచు డిస్కు లోపలికి జారి ఉంది, ఆ సందులో పిడికెడు ఇసుక. టైరుకి చిన్న కోత కూడా లేదు. పాలెం కుర్రాళ్లు వచ్చారు. "పోటెక్కతా ఉండాదన్నా, టైరు సంగతి తర్వాత, ముందు బండి పైకి లాగుదాం" అని పడవలు లాగే ట్రాక్టర్ తెచ్చి పొడి ఇసుక దాకా లాగారు. వాళ్లు రాకపోతే ఆ రాత్రి ఇంజన్‌లోకి ఉప్పునీళ్లే.

తర్వాత మిగిలిన మూడు టైర్లకు గేజ్ పెట్టి చూశాం. ఏడు, ఎనిమిది, ఏడు పాయింట్లు (పీఎస్‌ఐ). నేను 15 ఉంటుందని అనుకుంటున్నా. అసలు తప్పు అక్కడ జరిగింది.

అది ఎందుకు ఊడుతుందో తెలిస్తే బీడ్‌లాక్ ఎవరికి కావాలో మీకే అర్థమవుతుంది. టైరు అంచులో తీగల చుట్ట ఉంటుంది, అదే బీడ్. దాన్ని డిస్కు అంచుకి నొక్కి పట్టేది లోపలి గాలే, వేరే బోల్టులూ జిగురూ ఏమీ లేవు. ఇసుకలో గాలి తగ్గిస్తే టైరు నేలను తాకే చోటు పొడవవుతుంది, బరువు పరుచుకుంటుంది, బండి తేలుతుంది. కానీ పట్టుకునే బలం కూడా అంతే తగ్గుతుంది. అప్పుడు గట్టిగా మలుపు తిప్పితే మలుపుకి బయటివైపున్న ముందు చక్రం మీద భారమంతా పడి, దాని బయటి బీడ్ లోపలికి లాగబడుతుంది. నేను కుడికి తిప్పాను, ఎడమది ఊడింది. బీడ్‌లాక్ చేసేది ఆ బయటి బీడ్‌ని డిస్కుకీ ఒక ఇనుప రింగుకీ మధ్య పెట్టి చుట్టూ బోల్టులతో బిగించడం. అప్పుడు ఐదారు పాయింట్ల గాలితోనూ టైరు కదలదు. చాలావాటిలో లోపలి వైపు బీడ్ మామూలుగానే ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

నెల్లూరులో లారీ టైర్లు చూసే పెద్దాయన ఒకరు దీని బొమ్మ చూసి "పాత లారీల రింగు డిస్కే కదా" అన్నారు. చూపుకి అలాగే ఉంటుంది గానీ పని వేరు. లారీ రింగు ట్యూబు టైరు ఎక్కించడానికి వీలుగా పెట్టింది. సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. అందుకే వాళ్లు గొలుసు చుట్టి గాలి కొడతారు. బీడ్‌లాక్ రింగు బోల్టుల మీద నిలబడుతుంది, వాటి బిగింపు తగ్గితే అదీ ప్రమాదమే.

ఆ బిగింపు సంగతే నన్ను వెనక్కి లాగింది. నా బండికి ఊడిన రెండు నెలలకు, ఒంగోలులో ఉండే మా బావమరిది తన పాత జిప్సీకి బీడ్‌లాక్‌లు వేయించాడు. నేనూ అదే బాట పడదామని ఒక ఆదివారం వెళ్లి కూర్చున్నాను. చక్రానికి 28 బోల్టులు, నాలుగింటికీ కలిపి 112. ఒక్కోటీ టార్క్ రెంచ్‌తో, వరస తప్పకుండా ఎదురెదురుగా బిగించాలి. ఒకవైపు నుంచి చుట్టుకుంటూ వస్తే రింగు వంకరపోతుంది. కొత్తగా వేశాక కొన్ని పదుల కిలోమీటర్లు తిరిగి మళ్లీ అన్నీ చూడాలి, ఆ తర్వాత కూడా వదలకూడదు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. మామూలు పంక్చర్ షాపులో ఈ పని ముట్టుకోరు, బ్యాలెన్సింగ్ కూడా సరిగ్గా కుదరలేదు. హైవే మీద 90 దాటితే స్టీరింగ్ వణికేది.

తను కొత్తపట్నం బీచ్‌కి తరచుగా పోతాడు. ఒక ఏడాదికి ఉప్పుగాలికి ఆ బోల్టులు తుప్పు పట్టాయి. టైరు మార్చడానికి విప్పబోతే రెండు తలలు తెగిపోయాయి, లోపల మిగిలిన ముక్కల్ని డ్రిల్ వేసి తీయించాడు. తీరప్రాంతంలో ఉండేవాళ్లు ఈ ఒక్క విషయం గట్టిగా ఆలోచించాలి. చీమకుర్తి వైపు క్వారీల దారిలో టైరు పక్కగోడ గ్రానైట్ ముక్కకి చీరుకుపోయినప్పుడు కూడా బీడ్‌లాక్ ఏం చేయలేకపోయింది. అది కాపాడేది టైరు అంచుని మాత్రమే. పక్కగోడకి దాని సాయం లేదు.

ఇంకొకటి, చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం మీద 2019లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. రోజూ హైవే ఎక్కే బండికి, ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఇలాంటివే. మీకు ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ ఎక్కే బండి అది.

మీకు చెప్పిన ధర చూస్తే నాకు మరో అనుమానం ఉంది. బీడ్‌లాక్‌లా కనపడేవి మార్కెట్లో చాలా ఉన్నాయి, చుట్టూ బోల్టులు అలంకారానికి ఉంటాయి, టైరుని అవి పట్టుకోవు. నిజమైనదైతే రింగు విడిగా ఊడి వస్తుంది, టైరు అంచు ఆ రింగు కిందకి వెళుతుంది. ఇది మీ కళ్లతో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఎవరికి కావాలంటే, పోటీలకు పోయేవాళ్లకి. బండరాళ్ల మీద 10 పాయింట్ల కంటే తక్కువ గాలితో అంగుళం అంగుళం ఎక్కించేవాళ్లకి, బండిని ట్రక్కు మీద ఎక్కించి పోటీ చోటికి తీసుకుపోయేవాళ్లకి అది ఖర్చు పెట్టదగ్గ వస్తువే. అక్కడ ఒక్క బీడ్ ఊడితే రోజంతా పోతుంది. మా బావమరిది ఇప్పుడు ఆ జిప్సీని అందుకే వాడుతున్నాడు, ఊళ్లో తిరగడానికి వేరే బండి కొనుక్కున్నాడు.

మీరైతే ఆ డబ్బులో కొద్ది భాగంతో మంచి గేజ్ ఒకటి, 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి కొనండి. తారు రోడ్డు మీద కంపెనీ చెప్పిన గాలి, గుంతల మట్టిదారిలో 24, పొడి ఇసుకలో 16 నుంచి 18. దిగబడితే 12కి దించవచ్చు గానీ, అప్పుడు తిన్నగా బయటికి రావడం తప్ప మలుపులు వద్దు. 15 లోపు ఉన్నంతసేపు నేను 20 కిలోమీటర్ల వేగం దాటను, బ్రేకు తొక్కను, యాక్సిలరేటర్ వదిలి బండిని దానంతట అదే ఆగనిస్తాను. ఐదేళ్లుగా ఇలాగే తిరుగుతున్నాను, మళ్లీ ఒక్క బీడ్ ఊడలేదు. తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి, నా బండికి టైరుకి ఐదారు నిమిషాలు పడుతుంది.

ఒకవేళ ఊడినా ఏం ఫర్వాలేదు. జాకీ కింద వెడల్పు చెక్క వేసి లేపండి, ఇసుకలో చెక్క లేకపోతే జాకీ దిగిపోతుంది. డిస్కు అంచు, టైరు అంచు రెండూ నీళ్లతో శుభ్రంగా కడిగి సబ్బు నీళ్లు రాయండి. లోడు కట్టే బెల్టు టైరు చుట్టూ వేసి బిగిస్తే అంచులు బయటికి వస్తాయి. వాల్వు లోపలి పిన్ను తీసేసి కొడితే గాలి వేగంగా లోపలికి పోతుంది. టప్‌మని కూర్చున్న చప్పుడు వినిపించాక పిన్ను పెట్టి మళ్లీ గాలి నింపుకోవాలి. ఆ రోజు మాకు గంటన్నర పట్టింది, అందులో సగం ఇసుక కడగడానికే. పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటారు, దాని జోలికి పోకండి.

డబ్బు ఇంకా ఖర్చు పెట్టాలనుంటే 16 అంగుళాల ఇనుప డిస్కులు చూడండి. మీ 18 అంగుళాల అలాయ్‌లకి 255/65 టైరు, దాని పక్కగోడ ఎత్తు దాదాపు 166 మిల్లీమీటర్లు. ఇదే థార్ మరో వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైరుకి 184. గాలి తగ్గించినప్పుడు వంగడానికి ఆ అదనపు ఎత్తే పనికొస్తుంది, రాయి తగిలి డిస్కు సొట్టపోయినా సుత్తితో సరిచేసుకోవచ్చు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు పొడి ఇసుక మీదకి బండి ఎక్కించకండి, రాత్రి అసలే వద్దు. మిగతా నెలల్లో ఒక ఆదివారం తెల్లవారుజామున, పాటు సమయంలో, ఇంకో బండిని తోడు తీసుకుని 18 పాయింట్లతో దిగి చూడండి. రెండు నెలలు అలా తిరిగాక కూడా గాలి 10 కంటే తగ్గించాల్సిన చోటు మీకు ఎదురైతే, అది ఏ చోటో ఇక్కడే రాయండి.