కారు తిరిగిచ్చిన రోజు రేటు ఎంత?

చిరంజీవికి, మామయ్య దీవించి రాయునది.

నువ్వు పంపిన మూడు స్క్రీన్‌షాట్లూ చూశాను. మీ తొమ్మిది రోజుల సెలవుకి మూడు అద్దె కార్ల కంపెనీలు, మూడు రేట్లు, కింద నీ ప్రశ్న ఒక్కటే: "ఏది చవక మామయ్యా?" వాటిని చూసి నేను జవాబు చెప్పలేను రా. అవి ఎర వేసిన రేట్లు. నాకు కావాల్సింది తొమ్మిదో రోజు తాళాలు వాళ్ల చేతిలో పెట్టాక వచ్చే బిల్లు, అందులో ఆఖరి వరుస. పాతికేళ్లుగా సెలవులకు వెళ్లినప్పుడల్లా అద్దె కారు తీసుకుంటున్నాను. మొదటి పదేళ్లూ నేనూ నీలాగే లావుపాటి అంకె చూసే బుట్టలో పడ్డాను.

ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను అనుకున్నవి, పద్ధతి మాత్రం వాళ్లదే. మొదటి కంపెనీ రోజుకు 100 అంటోంది, రెండోది 110. తొమ్మిది రోజులకు 900, 990. ఇంకేముంది, మొదటిదే అంటావు. కానీ బండి మీ ఇద్దరూ నడుపుతారు కదా. మొదటివాడు రెండో డ్రైవరు పేరు రాయడానికి రోజుకు 13 వేస్తాడు, అంటే 117. రెండోవాడు తన దగ్గర ఉచిత సభ్యత్వం ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఏమీ వేయడు. ఇప్పుడు 1017, 990. దాని మీద పిల్లల సీటు, టోల్ పరికరం, పన్నులు వచ్చి పడితే తడిసి మోపెడవుతుంది. కాబట్టి కార్డు నంబరు అడిగే పేజీ దాకా వెళ్లు, అక్కడ ఆగు, అక్కడ కనబడే మొత్తాన్ని కాగితం మీద రాసుకో. కిలోమీటర్ల పరిమితి ఉందా లేదా అన్నది కూడా దాని పక్కనే రాయి. పాపకి సీటు మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లు. చాలా విమానాల్లో దానికి విడిగా డబ్బు తీసుకోరు. కౌంటర్లో అయితే తొమ్మిది రోజుల అద్దెకి కొత్త సీటే వచ్చేంత అవుతుంది ఒక్కోసారి.

విమానాశ్రయంలో తీసుకుంటే అక్కడి స్థలానికి కంపెనీ కట్టే రుసుము కూడా రకరకాల పేర్లతో నీ బిల్లులోకే ఎక్కుతుంది. ఊళ్లో ఉన్న శాఖలో అదే బండి తక్కువకి దొరకొచ్చు. అయితే ఆ శాఖ సాయంత్రమే మూసేయొచ్చు, ఆదివారం అసలు తెరవకపోవచ్చు. అక్కడికి టాక్సీ ఖర్చు కూడా కలుపుకుని చూడు. రెండు మూడు రోజుల అద్దెకి ఈ తిప్పలు దండగ, తొమ్మిది రోజులకైతే ఒకసారి చూడాల్సిందే.

రోజుల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. అద్దె రోజంటే తేదీ కాదు, ఇరవై నాలుగు గంటలు. పొద్దున పదింటికి తీసుకున్న బండిని ఆఖరి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇస్తే ఆ మూడు గంటలకి కొందరు గంటల చొప్పున వేస్తారు, కొందరు ఇంకో పూర్తి రోజు వేస్తారు. మీ తిరుగు విమానం ఎప్పుడో చూసుకుని తీసుకునే సమయాన్నే కాస్త జరుపుకో. ఇంకోటి, వారం రేటు. ఐదారు రోజులకి విడివిడిగా కట్టేదాని కన్నా ఏడు రోజులకి కలిపి కట్టేది తక్కువ పడడం మామూలే. అలాగని వారానికి తీసుకుని నాలుగో రోజే తిరిగిచ్చేస్తే డబ్బు మిగులుతుందనుకోకు. వారం రేటు ఎగిరిపోయి, రోజువారీ రేటుతో మళ్లీ లెక్క కట్టొచ్చు. ముందే ఇచ్చినందుకు ఎక్కువ కట్టిన ఘనుణ్ణి నేను.

ఇక బండి సంగతి. బొమ్మ కింద "లేదా అలాంటిదే" అని చిన్న అక్షరాల్లో ఉంది చూడు. నీ ఒప్పందం ఆ మాటతోనే, బొమ్మతో కాదు. బొమ్మ కన్నా నమ్మకమైంది నాలుగక్షరాల కోడు. చాలా పెద్ద కంపెనీలు ఏక్రిస్ అనే ఒకే పద్ధతి వాడతాయి. సీడీఎంఆర్ అని ఉందనుకో: సీ అంటే కాంపాక్ట్ సైజు, డీ అంటే నాలుగైదు తలుపులు, ఎం అంటే చేత్తో వేసే గేర్లు, ఆర్ అంటే ఏసీ ఉంది, ఇంధనం ఫలానా అని చెప్పలేదు. మొదటి అక్షరం ఈ అయితే ఎకానమీ, ఐ అయితే మధ్యస్థం, ఎఫ్ అయితే పెద్దది. మూడో అక్షరం ఏ అయితే ఆటోమేటిక్. ఆ ఒక్క అక్షరం చూసుకోక నేనొకసారి అర్ధరాత్రి గేర్ల బండిలో కూర్చున్నాను, అదీ స్టీరింగ్ మనకి అలవాటు లేని వైపు ఉన్న దేశంలో. గేరు వేద్దామని చెయ్యి జాపిన ప్రతిసారీ అది తలుపుకి కొట్టుకునేది. మీ అత్తయ్య నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడు ఆటోమేటిక్‌కి మార్చుకుంటే అయిన అదనపు ఖర్చు, మొదట్లో చవకని మురిసిపోయిన తేడాకి రెట్టింపు. పోల్చేటప్పుడు ముందు రెండు కోడ్లూ ఒకే రకానివో కాదో చూడు. ఒకచోట ఎం, ఇంకోచోట ఏ ఉంటే ఆ రెండు రేట్లకీ పోలికే లేదు.

రేటు ఇవాళ చూసింది రేపు ఉండదు. ఆ ఊళ్లో వాళ్ల దగ్గర ఎన్ని బండ్లు ఖాళీగా ఉన్నాయన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. 2020 మేలో అమెరికాలోని పెద్ద అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ దివాలా రక్షణ కోరింది. ప్రయాణాలు ఆగిపోయాయని మిగతా కంపెనీలూ బండ్లు అమ్ముకున్నాయి. 2021లో జనం మళ్లీ రోడ్డెక్కేసరికి బండ్లు లేవు, రేట్లు కొండెక్కాయి. హవాయిలో కొందరు పర్యాటకులు సామాన్లు తరలించే ట్రక్కులు అద్దెకి తీసుకుని తిరిగారు. నీకు దాంతో పనేమిటంటే, ముందుగానే, డబ్బు కట్టక్కర్లేని, రద్దుకి రుసుము లేని రేటుతో ఒకటి బుక్ చేసి పెట్టుకో. తర్వాత వారానికోసారి అవే తేదీలు మళ్లీ చూడు. తగ్గితే కొత్తది బుక్ చేసి, నిర్ధారణ మెయిల్ వచ్చాక పాతది తీసెయ్. ముందు పాతది తీసేసి తర్వాత కొత్తదాని కోసం వెతికితే రెంటికీ చెడతావు. ముందే డబ్బు కట్టే రేటు కొంత తక్కువుంటుంది, నిజమే. కానీ మార్పులకీ రద్దుకీ కోత పెడతారు. చిన్నపిల్లతో వెళ్లేవాడికి ఆ తగ్గింపు నేనైతే వద్దంటాను.

ఇప్పుడు నువ్వు అడగకపోయినా నీ మనసులో ఉన్నదానికి వస్తాను. స్క్రీన్‌షాట్లలో ఒకదాని మూలన "గోల్డ్" అన్న సభ్యత్వం పేరు చుట్టూ నువ్వు ఎర్రగీత గీశావు. బండి తీసుకున్నప్పుడల్లా సభ్యులకి జమ చేసే పాయింట్లకి ఆశపడ్డావన్నమాట. ఉద్యోగం మీద నెలకి నాలుగుసార్లు బండి తీసుకునేవాడికి పాయింట్లు పంట. ఏడాదికొకసారి వెళ్లే మనలాంటివాళ్లకి అవి గింజలు. ఒక ఉచిత రోజుకి సరిపడేలోగా వాటికి గడువు తీరిపోవచ్చు. విమాన మైళ్లు, అంటే విమాన కంపెనీల పాయింట్లు, ఇస్తామన్నచోట ఇంకా జాగ్రత్త. ఆ మైళ్లు జమ చేసినందుకు రోజుకింతని చిన్న రుసుము వేసే కంపెనీలున్నాయి. మైళ్ల విలువ కన్నా ఆ రుసుమే ఎక్కువైన సందర్భాలు నేను చూశాను.

అయినా సభ్యత్వం తీసుకోమనే చెబుతాను, మూడింటిలోనూ. ఊరికే ఇస్తారు. అందులో నీకు పనికొచ్చేది పాయింట్లు కాదు, కౌంటర్ దగ్గర వరుస తప్పడం. పిల్లనెత్తుకుని, నిద్రలేని కళ్లతో, నలభై మంది వెనక నిలబడకుండా తిన్నగా బండి దగ్గరికి వెళ్లడం ఎంత సుఖమో ఒక్కసారి అనుభవిస్తే తెలుస్తుంది. కౌంటర్ తప్పిందంటే అక్కడ అంటగట్టే ఇన్సూరెన్స్, పెద్ద బండి, పెట్రోలుకి ముందే డబ్బు కట్టించే బేరాలు కూడా తప్పినట్టే. హెర్ట్జ్, ఏవిస్, నేషనల్ మూడింటికీ పెద్ద విమానాశ్రయాల్లో ఇలాంటి దారి ఉంది. నేషనల్ వాళ్ల ఎమరాల్డ్ ఐల్ నాకు నచ్చిన ఏర్పాటు: మధ్యస్థం బండికి బుక్ చేసి, ఆ వరుసలో నిలబెట్టిన వాటిలో నీకు నచ్చినది తీసుకుని, మధ్యస్థం ధరే కట్టి వెళ్లిపోవచ్చు. అది అన్ని ఊళ్లలోనూ లేదు, మీరు దిగేచోట ఉందో లేదో చూసుకో.

ఇంకో సంగతి. పది పేర్లు కనబడతాయి గానీ ఇళ్లు కొన్నే. ఎంటర్‌ప్రైజ్, నేషనల్, అలామో ఒక గొడుగు కింద ఉన్నాయి. ఏవిస్, బడ్జెట్ మరో గొడుగు. హెర్ట్జ్, డాలర్, థ్రిఫ్టీ ఇంకోటి. ఒక్కోచోట బల్ల కూడా ఒకటే, పైన బోర్డులే వేరు. చవక పేరుతో తీసుకుంటే బండి అదే రావచ్చు, వరుస మాత్రం పొడుగు. ఆ తేడాకి ఎంత కట్టొచ్చన్నది మీ ఇష్టం. నేనైతే మొత్తం మీద ఐదు శాతం దాకా కడతాను, అంతకు మించితే వరుసలోనే నిలబడతాను. ఒక పేరుకి కట్టుబడి ఏడాదేడాది ఎక్కువ కట్టడం మాత్రం తెలివితక్కువ పని.

ఇన్సూరెన్స్ గురించి కౌంటర్ దగ్గర ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. బయల్దేరే ముందే నీ క్రెడిట్ కార్డు వాళ్లకి ఫోన్ చేసి మూడు అడుగు: అద్దె కారు దెబ్బతింటే వర్తిస్తుందా, ఏ దేశాల్లో వర్తించదు, ఎన్ని రోజుల దాకా. చాలా కార్డుల్లో రెండు షరతులుంటాయి. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కంపెనీ అమ్మే డ్యామేజీ కవరు వద్దనాలి. కంపెనీ కవరూ తీసుకుని, కార్డు కూడా కాపాడుతుందిలే అనుకునేవాళ్లుంటారు, వాళ్లకి దక్కేది కంపెనీ కవరు ఒక్కటే. ఎదుటివాళ్లకి తగిలే దెబ్బలు కార్డు కిందకి రావు, అది వేరే ఇన్సూరెన్స్, దాని సంగతి విడిగా అడుగు. డిపాజిట్‌గా కొంత మొత్తం కార్డు మీద ఆపేస్తారు, ఆ మేరకి పరిమితి ఖాళీగా ఉంచు. డెబిట్ కార్డుతో వెళ్తే చిక్కులు ఎక్కువ.

బండి చేతికొచ్చాక డిక్కీలో సామాన్లు పెట్టకముందే వీడియో తియ్. ఎడమవైపు ముందు తలుపు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగు, చక్రాల అంచుల దగ్గర వంగు, ముందు అద్దం మీద వెలుతురు పడేలా పక్కనుంచి తియ్. చివర్లో స్పీడోమీటర్, పెట్రోలు ముల్లు, గడియారం ఒకే ఫ్రేములో రావాలి. ఒకసారి నేను బండి తిరిగిచ్చిన మూడు వారాలకి అద్దం మీద గింజంత చిట్లు ఉందని ఒక కంపెనీ నుంచి పెద్ద మొత్తానికి ఉత్తరం వచ్చింది. తీసుకున్న రోజు వీడియోలో పన్నెండో సెకనులో ఆ చిట్లు కనబడింది. వీడియో పంపాక వాళ్ల నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. తిరిగిచ్చేటప్పుడూ అలాగే తియ్, దారిలో ట్యాంకు నింపిన రసీదు ఫొటోతో సహా. టోల్ పరికరాన్ని ఆన్ చేస్తే అది వాడిన రోజులకే కాకుండా అద్దె రోజులన్నిటికీ రుసుము వేసే పద్ధతులున్నాయి. మీ దారిలో టోల్ ఒక్కటే అయితే డబ్బు ఎలా కట్టొచ్చో ముందే కనుక్కో.

మళ్లీ ఫొటోలు పంపు. ఈసారి పెద్ద అంకె ఉన్నది కాదు, కార్డు నంబరు అడిగే పేజీ, నాలుగక్షరాల కోడు, రద్దు షరతులు. మీ పెద్ద సూట్‌కేసు కొలతలు కూడా రాయి. బండి బొమ్మ పక్కన రెండు సూట్‌కేసుల గుర్తు వేస్తారు గానీ ఆ గుర్తులో సూట్‌కేసు సైజు ఎవడూ చెప్పడు.

మీ మామయ్య