రోల్‌ప్లేలో నేను పేజీ రాస్తే భాగస్వామి రెండు వాక్యాలతో సరిపెడుతున్నారు. అడగడం తప్పా?

ఇద్దరు చెరో పాత్ర తీసుకుని ఆన్‌లైన్‌లో వంతులవారీగా కథ రాసుకునే ఈ రోల్‌ప్లేలో అడగడం తప్పు కాదు. కానీ మీ ప్రశ్నలో ‘ఆమెకు మర్యాద తెలియదు’ అన్న మాట ఉంది, దాన్ని కాస్త పక్కన పెట్టండి. మీరు ఐదారు పేరాలు రాస్తున్నారు, ఆమె రెండు వాక్యాలు రాసి నాలుగు రోజులు కనిపించడం లేదు, అక్కడి నియమాలు చూసుకునే మోడరేటర్‌కు చెప్పాలా అన్నారు. ఇప్పుడే వద్దు. ఒకప్పుడు మోడరేటర్ దాకా వెళ్లవలసిన తప్పు చేసినవాణ్ణి నేనే.

మాది ఒక రేవుపట్నం కథ. ఇంగ్లీషులో రాసేవాళ్లం. నేను ఓడ సరంగును, అవతలి ఆయన పూటకూళ్ల ఇల్లు నడిపే ముసలాయన. నేను హైదరాబాదులో, ఆయన న్యూయార్క్‌లో. చలికాలంలో మా గడియారాలకు పదిన్నర గంటల తేడా. రాత్రి పదకొండింటికి ఆరువందల మాటలు రాసి పడుకుంటే, పొద్దున మూడు వాక్యాలు ఎదురయ్యేవి. ఉడికిపోయేవాణ్ణి. ఒక రాత్రి ఆగలేక, ‘ముసలాయన వణుకుతూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు’ అని నేనే రాసేశాను. తెల్లవారేసరికి జంట బ్రాకెట్ల మధ్య జవాబు ఉంది. కథకు బయటి మాట అనడానికి అది గుర్తు. ‘నా ముసలాయన వణకడు. వణికితే ఆ సంగతి నేను రాస్తాను.’

ఎదుటివారి పాత్రను మనం ఆడించడాన్ని గాడ్‌మోడింగ్ అంటారు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు, చేరిన రోజే నియమాల్లో చదివాను. కోపంతో చేశాను.

మూడు రోజులు ఇద్దరం పలకలేదు. చివరికి నేనే క్షమాపణ చెప్పాను. అప్పుడు తెలిసింది, ఆయన భోజన విరామంలో ఫోనులో రాస్తాడని. అది సరే, గుచ్చుకున్నది తరువాతి మాట: ‘మీ ఆరువందల మాటల్లో తుపాను ఉంది, సరంగు బాల్యం ఉంది. నాకు చేయడానికి మాత్రం పని లేదు.’ వెనక్కి వెళ్లి చదువుకున్నాను. నిజమే. ఒక ప్రశ్న లేదు, చాచిన చేయి లేదు. పాపం, పూటకూళ్ల ముసలాయన తల ఊపడం తప్ప ఏం చేస్తాడు? నేను మాటలు లెక్కపెడుతుంటే ఆయన తన వంతు కోసం వెతుక్కుంటున్నాడు.

ఈ తేడా పాతదే. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే కంప్యూటర్ ఆటను, బొమ్మలు లేకుండా అక్షరాలతోనే పలువురు కలిసి ఆడేదాన్ని, రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకువెళ్లాడు. అలాంటి ఆటలకు వచ్చేవారిని 1996లో ఆయనే నాలుగు రకాలుగా విడదీశాడు: సాధించడానికి వచ్చేవారు, వెతికి చూడడానికి వచ్చేవారు, కబుర్లకు వచ్చేవారు, ఎదుటివారిని దెబ్బతీయడానికి వచ్చేవారు. తాళంచెవి రాత్రి నేను ఏ రకమో వేరే చెప్పనక్కరలేదు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఎంత అల్లరి చేసినా ఎవరూ నొచ్చుకోరు, అది ఆయనకు అప్పగించిన పని అని సభకంతా తెలుసు కనుక. మీ ఇద్దరిలో ఎవరి పని ఏమిటో ఎవరైనా చెప్పారా?

కాబట్టి ఆమెకు కథలో కాకుండా విడిగా రాయండి. ‘వారానికి ఎన్నిసార్లు రాయడం వీలవుతుంది? నా భాగాలు మరీ పొడవా? కథ ఎటు వెళితే మీకు ఇష్టం?’ చాలు. రెండో ప్రశ్న మాత్రం జవాబు వినడానికి సిద్ధపడే అడగండి.

పనిలో పనిగా గీతలు, తెరల సంగతీ మాట్లాడుకోండి. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రూపకర్త పెట్టిన పేర్లు ఇవి. కథలోకి అసలు రాకూడనివి గీతలు, జరిగినా తెర వెనుకే ఉండవలసినవి తెరలు. మరో కథలో నా సరంగును ప్రేమించిన పాత్ర తాలూకు మనిషి నాకు అర్ధరాత్రి సొంత సందేశాలు పంపడం మొదలుపెట్టినప్పుడు, ఈ మాట ముందే అనుకోనందుకు చాలా బాధపడ్డాను. వద్దని చెప్పడానికి నెల పట్టింది. ఆలోగా ఆశ పెంచినవాణ్ణీ నేనే.

వారం దాటినా ఆమె నుంచి జవాబు రాకపోతే గొడవ పెట్టుకోకండి. మీ పాత్రను ఏదో పని మీద పొరుగూరు పంపి, అక్కడ ఇంకొకరితో కథ కలపండి. ఆమె తిరిగి వస్తే మీ పాత్రా తిరిగి రావచ్చు. నా ఓడను అలా రెండుసార్లు రేవు దాటించాను. ఒకసారి వెనక్కి వచ్చింది.