డాలస్ వచ్చే అమ్మానాన్నలకు: అబ్బాయింట్లో కుక్కపిల్లని తిప్పడం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. వచ్చే నెల డాలస్‌లో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం, ఆర్నెల్లు ఉంటాం. వాళ్ళింట్లో నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల ఉంది, ఒక్క క్షణం కుదురుగా ఉండదట. పగలు దాన్ని తిప్పే పని మాదే. ఎలాగండీ?

జవాబు: అమ్మా, ముందు సంతోషించండి. ఇక్కడికొచ్చిన పెద్దవాళ్ళని కుంగదీసేది చలీ కాదు, తిండీ కాదు, పగటిపూట ఒంటరితనం. పిల్లలు పనిలో పడితే సాయంత్రం దాకా పలకరించే దిక్కుండదు. గుంటూరులో గేటు తీస్తే చాలు, ఎవరో ఒకరు కనిపిస్తారు. ఇక్కడ వీధులు ఖాళీగా ఉంటాయి. కుక్క తోడుంటే మాత్రం రోజుకి రెండుసార్లయినా గడప దాటుతారు.

నాలుగు నెలలంటే టీకాల విషయం ముందు అడగాలి. పార్వో అనేది కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల జబ్బు, దాని టీకా ఆఖరి డోసు 16 వారాల వయసుకో, ఆ తర్వాతో పడుతుంది. అది పడి వారం, రెండు వారాలు గడిచాకే నలుగురు కుక్కల్ని తిప్పే చోట నేల మీద దింపాలి. ఎప్పుడన్నది వాళ్ళ డాక్టరు చెప్తారు.

ఎంతసేపంటే, వయసులో ఒక్కో నెలకి ఐదు నిమిషాల లెక్క ఇక్కడ చాలామంది పాటిస్తారు. నాలుగు నెలలకి 20 నిమిషాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీరు ఎన్టీఆర్ స్టేడియంలో నడిచినట్టు చకచకా లాక్కెళ్ళకండి. ప్రతి చెట్టు దగ్గరా ఆగి వాసన చూడనివ్వండి, నడక కన్నా అదే దాన్ని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది. ఈ వయసు పిల్ల రోజుకి 18 గంటల దాకా నిద్రపోవాలి. రాత్రి ఏడింటికి ఇల్లంతా పరిగెత్తి, తాడు కొరికి, చీర కుచ్చిళ్ళు లాగుతోందంటే నడక చాలక కాదు, నిద్ర చాలక. అప్పుడు మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఇంకా రెచ్చిపోతుంది. బోనులో పెట్టి దీపం తగ్గించండి.

తాడు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తున్నాను, మణికట్టుకి చుట్టుకోవద్దు. 12–15 కిలోల పిల్ల ఉడతని చూసి ఉరికితే మీరు బోర్లా పడతారు. మీ వయసులో తుంటి విరిగితే ఆర్నెల్లూ మంచంలోనే. తాడు ఆరడుగులది, మామూలుది చాలు. సాగే తాడు వద్దు. కొస ఉచ్చు బొటనవేలికి తగిలించి గుప్పిట మూయండి, రెండో చేత్తో తాడు మధ్యలో పట్టుకోండి. మెడ పట్టీకి బదులు ఛాతీ దగ్గర రింగు ఉన్న హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ, వేయించండి. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. కాలికి బూట్లు, ఒంటికి పంజాబీ డ్రెస్సు మంచిది.

అది లాగిందా, మీరు నిలబడిపోండి. తిరిగి లాగొద్దు, అరవొద్దు. తాడు వదులై అది వెనక్కి చూడగానే మీ మోకాలి పక్కన బఠాణీ గింజంత ఉడికించిన చికెన్ ముక్క పెట్టి, అప్పుడు అడుగేయండి. మొదటి వారం వీధి చివరికి కూడా చేరరు, ఫరవాలేదు. లాగినప్పుడల్లా ముందుకి వెళ్తే, లాగితేనే పని జరుగుతుందని దానికి అలవాటవుతుంది. ఆ ముక్కకి ఉప్పూ కారం తగలకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం. ముద్దుకి కూడా పెట్టకండి.

డాలస్ ఎండాకాలం మన రోహిణీ కార్తెకి తీసిపోదు. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే గడ్డి మీదే నడిపించండి. మలం సంచిలో ఎత్తడం, తాడు, లైసెన్సు నిబంధనలు ఊరి వెబ్‌సైటులో ఉంటాయి, అబ్బాయిని చూడమనండి.

ఇక అసలు సంగతి. రోజూ ఒకే వేళకి, ఒకే దారిలో వెళ్ళండి. అదే వేళకి వచ్చేవాళ్ళు వారంలో మీ ముఖం గుర్తుపడతారు, కుక్క పేరూ వయసూ అడుగుతారు. “ఫోర్ మంత్స్” అంటే చాలు, అంతకన్నా ఇంగ్లీషు అక్కర్లేదు. సాయంత్రం మీవారిని కూడా రమ్మనండి, సంచులు ఆయన దగ్గర ఉంచి, తాడు మీరు పట్టుకోండి.