పాత స్ప్లెండర్‌కి పెద్ద కార్బ్యురేటర్ పెడితే పికప్ పెరుగుతుందా?

మీరు అడిగింది ఇది: 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్, ఇద్దరు ఎక్కితే ఫ్లైఓవర్ మీద థర్డ్ గేర్‌లోకి దించాల్సి వస్తోంది. 150 సీసీ బండి కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) పెట్టి, ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే ఇంజన్‌కి గాలి బాగా అందుతుందని మీ మెకానిక్ చెప్పాడు. చేతిలో మూడు వేలు ఉన్నాయి. చేయించాలా వద్దా?

వద్దు. ఆ మూడు వేలలో సగం కూడా ఖర్చు కాకుండా మీ బండిని ఇప్పటికంటే బాగా నడిచేలా చేసుకోవచ్చు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మీరు చేయబోతున్న పనే 2011లో నేను చేశాను.

అప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు షాపులో పనిచేసేవాణ్ణి. నాన్న ఇచ్చిన 2004 స్ప్లెండర్ ఉండేది. అది మొదటి నుంచీ మా ఇంటి బండి కాబట్టి దాని మీద ప్రేమ ఎక్కువ. స్క్రాప్‌లో 150 సీసీ బండి కార్బ్యురేటర్ ఒకటి దొరికితే దానికి అల్యూమినియం అడాప్టర్ నేనే తిప్పి బిగించాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న స్పాంజి ఫిల్టర్ పెట్టాను. సౌండు మారిపోయింది. బండి నిజంగానే బలంగా తయారైందని రెండు రోజులు నమ్మాను. మూడో రోజు మా ఆవిడను ఎక్కించుకుని కోటప్పకొండ వెళ్లాం. ఘాట్ రోడ్డు మొదలైన కాసేపటికే యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ ముక్కుతోంది తప్ప లాగడం లేదు. సెకండ్ గేర్‌లో కూడా వెనకబడిపోయి, చివరికి ఆమె దిగి నడవాల్సి వచ్చింది. అంతకుముందు లీటరుకు 58 కిలోమీటర్లు వచ్చే మైలేజీ ఆ వారంలో 38కి పడిపోయింది.

ఎందుకలా జరిగిందో తర్వాత కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది. స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ. బోరు (సిలిండరు వ్యాసం) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుకుంటుంది. నిమిషానికి 8,000 చుట్లు తిరిగినా పీల్చేది 4,000 సార్లే. సిలిండరు ప్రతిసారీ పూర్తిగా నిండినా నిమిషానికి 390 లీటర్లకు మించి గాలి దానికి అక్కర్లేదు. నిజంలో అంత నిండదు కూడా. ఎంత గాలి వెళ్లాలో చెప్పేది సిలిండరు, వాల్వులు, వాటిని తెరిచే క్యామ్. కార్బ్యురేటర్ దారిలో ఉన్న తలుపు మాత్రమే. తలుపు పెద్దది చేసినంత మాత్రాన లోపలి గది పెద్దది కాదు.

పైగా కార్బ్యురేటర్ పెట్రోలును పంపు చేయదు. దాని గొంతు (గాలి వెళ్లే రంధ్రం) దగ్గర దారి ఇరుకైనప్పుడు గాలి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ఆ తేడాకే బౌల్‌లోని (కింది గిన్నెలోని) పెట్రోలు జెట్టులోంచి (సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్కలోంచి) పైకి వస్తుంది. లెక్క కోసం మీ కార్బ్యురేటర్ గొంతు 18 మిల్లీమీటర్లు, కొత్తదాని గొంతు 26 అనుకోండి. వైశాల్యం రెట్టింపు దాటింది. అదే ఇంజన్, అదే గాలి, కాబట్టి గొంతులో గాలి వేగం సగానికి పడిపోతుంది. పీల్పు బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది గనక అది నాలుగో వంతే మిగులుతుంది. తక్కువ స్పీడులో, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే పెట్రోలు సమయానికి పైకి రాదు, వచ్చింది కూడా సన్నని తుంపరగా కాకుండా చుక్కలుగా వస్తుంది. ఘాట్ మీద నా బండి ముక్కింది ఇందుకే. పెద్ద కార్బ్యురేటర్ ఏమన్నా ఇస్తే చిట్టచివరి స్పీడులో కాస్త ఇస్తుంది. మీకు కావలసింది ఇద్దరితో ఫ్లైఓవర్ ఎక్కడం, అంటే సరిగ్గా అది పాడుచేసే చోటు.

మీ మెకానిక్‌ను తప్పుపట్టడం లేదు. యమహా ఆర్‌ఎక్స్ 100 బండి కాలంలో పని నేర్చుకున్న చాలామంది ఇలాగే చెబుతారు. అది టూ స్ట్రోక్, ప్రతి చుట్టుకూ పీలుస్తుంది, 98 సీసీలోనే 11 హార్స్‌పవర్ ఇచ్చేది. పోర్టులు (సిలిండరు గోడలోని గాలి, పొగ దారులు), సైలెన్సరు, కార్బ్యురేటర్ మార్చితే దానిలో తేడా వెంటనే కనిపించేది. స్ప్లెండర్ ఏడెనిమిది హార్స్‌పవర్ల ఇంజన్, మైలేజీ కోసం చేసిన క్యామ్. ఆ అనుభవం దీనికి పనికిరాదు.

ఫిల్టర్ సంగతి ఇంకా ముఖ్యం. ఆ డబ్బా తీసేసి నేను ఒక ఎండాకాలం తిరిగాను. మన రోడ్ల దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు. వానాకాలం వచ్చేసరికి సైలెన్సరు నుంచి నీలం పొగ మొదలైంది. విప్పి చూస్తే సిలిండరు గోడల మీద నిలువు గీతలు, రింగులు అరిగిపోయి ఉన్నాయి. నాన్న ఏడేళ్లు జాగ్రత్తగా నడిపిన ఇంజన్ నా చేతుల్లో కొన్ని నెలల్లోనే బోరుకొచ్చింది, అంటే అరిగిన సిలిండరును లోపల మళ్లీ కోయించాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను. ఆ డబ్బా దుమ్ము ఆపడం కోసమే కాదు, గాలి కుదుపులు లేకుండా ఒక నిలకడతో అందడం కోసం కూడా. దాని కొలత చూసుకునే కంపెనీ జెట్లు పెడుతుంది. డబ్బా తీసేస్తే ఆ జెట్ల లెక్క మొత్తం తప్పుతుంది.

ఇంజన్‌కి బోరు కొట్టించాక పాత కార్బ్యురేటరే తిరిగి పెట్టాను. ఈసారి దారిలో గాలికి నిజంగా ఎక్కడ అడ్డం పడుతోందో వెతికాను. ఆశ్చర్యంగా అది కార్బ్యురేటర్‌లో లేదు, ఇంజన్‌కి దానికి మధ్య ఉన్న గాస్కెట్‌లో ఉంది. ఎప్పుడో మార్చిన లోకల్ గాస్కెట్ రంధ్రం చిన్నది, అంచు లోపలికి చుట్టూ దాదాపు ఒక మిల్లీమీటరు పొడుచుకొచ్చి ఉంది. ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ ఒక మిల్లీమీటరు అడ్డం వస్తే 18 మిగులుతుంది, అంటే వైశాల్యంలో 19 శాతం పోయినట్టు. పైగా ఆ అంచుకు తగిలి గాలి సుడి తిరుగుతుంది. కార్బ్యురేటర్, నల్ల ఇన్సులేటర్ (వేడి ఆపే ముక్క), మానిఫోల్డ్ (ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే గొట్టం), హెడ్డు (సిలిండరు పైభాగం), ఈ నాలుగూ కలిసే ప్రతి చోటా వేలు లోపల పెట్టి తిప్పి చూడండి. మెట్టులా తగిలితే అక్కడ పని ఉంది. గాస్కెట్‌ను పదునైన బ్లేడుతో సరిగ్గా కోయండి. మానిఫోల్డ్‌లో పోత పోసినప్పుడు మిగిలిన గీతలు, బొడిపెలు ఉంటే వేలికి చుట్టిన 120 నంబరు ఎమరీ పేపర్‌తో నిదానంగా తీయండి. అద్దంలా మెరిపించకండి. మరీ నునుపైన గోడకు పెట్రోలు అంటుకుని జారుతుంది, కాస్త గరుకు ఉంటేనే గాలిలో బాగా కలుస్తుంది. పని చేసేటప్పుడు మానిఫోల్డ్ విప్పి బయట పెట్టుకోండి, పొడి ఒక్క రేణువు కూడా హెడ్డులోకి వెళ్లకూడదు. కార్బ్యురేటర్ గొంతును మాత్రం అరగదీయకండి, డ్రిల్లు అస్సలు పెట్టకండి. స్లైడు (యాక్సిలరేటర్ తిప్పితే లోపల పైకి లేచే భాగం) ఆ కొలతకే కూర్చుంటుంది. ఒకసారి వదులైతే సందులోంచి గాలి లాగుతుంది, స్లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎప్పటికీ నిలబడదు.

ఇక జెట్లు. మీది పద్దెనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మెయిన్ జెట్టులో (ఎక్కువ యాక్సిలరేటర్‌లో పెట్రోలు ఇచ్చేది) క్లచ్ వైరు పోగు పెట్టి తోమే ఉంటారు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైపోతుంది. కీహిన్ కంపెనీ కార్బ్యురేటర్ జెట్ల మీద ఉండే నంబరు రంధ్రం కొలత: 75 అంటే 0.75 మిల్లీమీటర్లు. అది గీసుకుపోయి 0.80 అయితే పెట్రోలు దారి దాదాపు 14 శాతం పెరిగినట్టే. మైలేజీ ఎందుకు తగ్గిందో అర్థంకాని బండ్లలో సగం కథ ఇదే. కంపెనీ నంబరుతో ఒరిజినల్ మెయిన్ జెట్టు, స్లో జెట్టు కొత్తవి కొని వేయండి. ఇకముందు శుభ్రం చేయాలంటే కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే, గాలి కొట్టడం, అంతే. అన్నట్టు, బౌలు స్క్రూలు విప్పడానికి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాడితే తలలు చెడిపోతాయి. అవి జపాన్ కొలత స్క్రూలు, వాటికి వేరే డ్రైవర్ దొరుకుతుంది.

ఇంకో విషయం చాలామంది గమనించడం లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. శుద్ధమైన పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే సెన్సర్ చూసి సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కి కళ్లు లేవు, పాత జెట్టు పాత లెక్కలోనే పోస్తుంది. అంటే ఇంజన్‌కి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతోంది. పికప్ తగ్గి, ఇంజన్ మామూలు కంటే వేడెక్కడానికి ఇదీ ఒక కారణం. దీని పరీక్ష సులువు. ఖాళీ రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో వెళ్తూ చోక్ కొద్దిగా లాగి చూడండి. బండి ఇంకా బాగా లాగితే పెట్రోలు చాలడం లేదని అర్థం, ముక్కితే సరిపోతోందని అర్థం. చాలకపోతే మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచండి, రెండు వద్దు. మధ్య స్పీడులో చాలకపోతే నీడిల్ (స్లైడుకు వేలాడే సూది) క్లిప్పును ఒక గాడి కిందికి దించండి, నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. కొన్ని నీడిళ్లకు ఒకే గాడి ఉంటుంది, అప్పుడు క్లిప్పు కింద పలచటి వాషర్ వేస్తారు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే దేనివల్ల ఏమైందో తెలియదు.

ప్రతి మార్పు తర్వాత ప్లగ్గు చూడండి. పది కిలోమీటర్లు నడిపి, స్పీడులో ఉండగానే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, బండిని పక్కకు తీసుకొచ్చి ప్లగ్గు విప్పండి. కాఫీ రంగు ఉంటే బాగుంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, అలాగే నడిపితే పిస్టన్‌కి ప్రమాదం. నల్లగా మసి ఉంటే ఎక్కువ. స్లో స్క్రూ దగ్గర చాలామంది పొరపడతారు: అది ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పితే పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే విప్పినకొద్దీ పెరుగుతుంది.

ఇవన్నీ చేశాక నా బండి టాప్ గేర్‌లో 40 నుంచి 60కి వెళ్లడానికి 11 సెకన్ల నుంచి ఎనిమిదిన్నర సెకన్లకు వచ్చింది. మంగళగిరి దాటాక కాజ టోల్‌గేట్ వైపు రోడ్డు మీద, ఒక్కణ్ణే కూర్చుని, ఫోన్ స్టాప్‌వాచ్‌తో మూడుసార్లు చూశాను. ఇందులో బోరు కొట్టించిన ఫలితం కూడా ఉంది, అది దాచను. మైలేజీ 60 దాటింది. గాస్కెట్లు, జెట్లు, ఫిల్టర్, ప్లగ్గు కలిపి అప్పట్లో 900 రూపాయల లోపే అయింది.

మీకు ఇద్దరితో ఎత్తు ఎక్కడమే సమస్య అయితే చైన్ సెట్ ఎలాగూ మార్చేటప్పుడు వెనక స్ప్రాకెట్ రెండు పళ్లు ఎక్కువది అడగండి. నలభై పైచిలుకు పళ్లలో రెండు అంటే చక్రానికి అందే లాగుడు సుమారు 5 శాతం పెరుగుతుంది. టాప్ స్పీడు అంతే మేర తగ్గుతుంది, ఊళ్లో తిరిగే బండికి అది లోటు కాదు. ఏ కార్బ్యురేటర్ మార్పూ ఇంత తక్కువలో ఇంత ఖచ్చితంగా ఇవ్వదు. అయితే ముందు టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించి, కంప్రెషన్ (సిలిండరులో ఒత్తిడి) చూపించండి. రింగులు పోయి ఉంటే పైన చెప్పిన ఏ పనీ ఫలితం ఇవ్వదు.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. పెద్ద కార్బ్యురేటర్, ఫిల్టర్ లేకపోవడం పొల్యూషన్ చెక్‌లోనూ ఇబ్బంది పెడతాయి. ఒరిజినల్ భాగాలను సరిగ్గా సర్దుకోవడంలో ఆ టెన్షన్ లేదు.

ఆదివారం ప్లగ్గు విప్పి రంగు చూడండి. మెయిన్ జెట్టు మీద నంబరు, నీడిల్ క్లిప్పు పైనుంచి ఎన్నో గాడిలో ఉందో కూడా రాసుకుని ఇక్కడే కామెంట్‌లో పెట్టండి. ఏ జెట్టు కొనాలో దాన్ని చూసి చెబుతాను.