మూడడుగుల పెట్టెకు ఏ పైథాన్ సరిపోతుంది?

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న పెట్టె ఉంది, ఇంతకంటే పెద్దది పెట్టే చోటు లేదు, బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువను తెచ్చుకోవచ్చా అని అడిగారు. బాల్ పైథాన్ వద్దు, చిల్డ్రన్స్ పైథాన్ చూడండి. ఈ రెండు రకాలనూ పదకొండేళ్లుగా పెంచుతున్నాను. మొదట్లో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను మొదట తెచ్చుకున్నది బాల్ పైథాన్ పిల్లనే. సరిగ్గా మీలాంటి పెట్టెలోనే పెట్టాను. అప్పుడది అరచేతిలో చుట్ట చుట్టుకుని పడుకునేంత ఉండేది, పెట్టెలో సగం ఖాళీగా కనిపించేది. నాలుగేళ్లు తిరిగేసరికి నాలుగడుగులకు చేరింది. ఆడది. ఈ రకంలో మగవి మూడు నుంచి నాలుగడుగులు, ఆడవి నాలుగు నుంచి ఐదడుగులు పెరగడం మామూలే. రాత్రి లైటు తీసేశాక అద్దానికి ముక్కు రాస్తూ ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉండేది. ఒకరోజు చూస్తే పై పెదవి మీద పొలుసులు రాసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. చాలా బాధేసింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టెలోకి మార్చాక కొన్ని వారాల్లో ఆ తిరుగుడు ఆగింది, పుండు మానింది.

"బాల్ పైథాన్‌కి ఇరుకు ఇష్టం" అని మీకూ ఎవరో ఒకరు చెబుతారు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో అవి పగలు ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కునే మాట నిజమే. కానీ చీకటి పడ్డాక తిరుగుతాయి, చెట్లెక్కి పక్షుల్ని కూడా పట్టుకుంటాయి. ఒంటికి నాలుగువైపులా తగిలేలా ఇరుగ్గా ఉండాల్సింది అవి దాక్కునే గూడు. ఆ మాటను మొత్తం పెట్టెకు అన్వయించేస్తున్నారు. పాము కావాలనుకుంటే నిటారుగా సాగి పడుకోగలగాలి, అంటే పెట్టె పొడవు పెరిగిన పాము పొడవుకు తగ్గకూడదు. నేను ఇప్పుడు పట్టుకునే లెక్క అదొక్కటే.

ఆ లెక్కన మీ పెట్టెకు సరిపోయేవి ఆస్ట్రేలియా చిన్న పైథాన్‌లే. వాటిలో సులువుగా పెరిగేది చిల్డ్రన్స్ పైథాన్. పేరు చూసి పిల్లలు పెంచుకునే పాము అనుకోకండి. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ జార్జ్ చిల్డ్రన్ పేరును 1842లో దీనికి పెట్టారు. సాధారణంగా రెండున్నర, మూడడుగుల దగ్గర ఆగుతుంది. నా దగ్గరున్న మగదానికి ఏడేళ్లు, రెండడుగుల పది అంగుళాలుంది. స్పాటెడ్ పైథాన్ దీనికి దగ్గరి చుట్టమే గానీ నాలుగడుగుల దాకా వెళ్లగలదు, మీ పెట్టెకు కష్టం. యాంట్‌హిల్ పైథాన్ రెండడుగులే, పైథాన్‌లన్నిట్లో చిన్నది. అయితే దాని పిల్లలు మరీ సన్నగా ఉంటాయి, మేత అలవాటు చేయడం కొత్తవాళ్లకు టెన్షన్. బ్లడ్ పైథాన్ పొట్టిది కదా అని ఎవరైనా అంటే వినకండి. అది లావుగా, బరువుగా పెరిగే పాము.

చిల్డ్రన్స్ పైథాన్ చురుకైనది. అడవిలో గుహల దగ్గర వేలాడుతూ, ఎగిరే గబ్బిలాలను గాలిలోనే అందుకుంటుంది. అందుకే పెట్టెలో అడ్డంగా రెండు గట్టి కొమ్మలు బిగించండి, ఎత్తు కూడా దానికి పనికొస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు కరుస్తుంది. ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, అంతే. కదిలేదల్లా మేతే అనుకుంటుంది కాబట్టి చెయ్యి పెట్టేముందు చిన్న పుల్లతో ఒంటిని మెల్లగా తాకుతాను. అప్పుడు అది మేతవేళ కాదని తెలుసుకుంటుంది.

ఇందులో అసలు జాగ్రత్త పడాల్సింది కొనేటప్పుడు. అడవిలో వీటి పిల్లలు ఎక్కువగా బల్లి జాతుల్నే తింటాయి, ఎలుక పిల్లను ముట్టుకోనివి చాలా ఉంటాయి. నాకు అమ్మినతను "బాగా తింటోంది" అన్నాడు, నమ్మి తెచ్చుకున్నాను. రెండు నెలలు ఏమీ తినలేదు. రోజూ తూకం వేస్తూ భయపడుతూ గడిపాను. మీరు కనీసం ఆరేడుసార్లు, ఫ్రీజర్‌లో ఉంచి మళ్లీ మామూలు వేడికి తెచ్చిన చచ్చిన ఎలుక పిల్లను తిన్న పామునే తీసుకోండి, వీలైతే మీ కళ్లముందు తినిపించమనండి. ఏడాది వయసుది దొరికితే ఇంకా మంచిది. పెంపకంలో పుట్టినదై ఉండాలి. అడవి నుంచి పట్టి తెచ్చినవి పేలు, పురుగులు, బెదురు అన్నీ వెంట తెస్తాయి. మీరుండే చోట ఈ జాతిని పెంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా, అనుమతి కావాలా అన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోండి.

చిన్న పెట్టెకు ఇంకో ఇబ్బంది ఉంది. ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన నిలపడం కష్టం. దీపం కింద 32 నుంచి 34 డిగ్రీలు, రెండో చివర 25 దగ్గర ఉండాలి. నేను మొదట పెద్ద వాట్ల దీపం పెడితే చల్లటి చివర కూడా 30కి చేరింది, పాము నీళ్ల గిన్నెలోంచి బయటికి రాలేదు. తక్కువ వాట్లది వేసి, పూర్తిగా ఒక మూలకు జరిపాక కుదురుకుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ పెట్టకండి, ఒళ్లు కాలుతున్నా పాము అక్కడి నుంచి కదలకపోవచ్చు. దాక్కునే గూళ్లు రెండు చివర్లా ఉండాలి. కుబుసం విడిచే రోజుల్లో తడి నాచు పెట్టిన చిన్న డబ్బా చాలు. మూత దగ్గర వేలు దూరేంత సందున్నా ఇది వెళ్లిపోతుంది, తాళం పెట్టండి.

ఒకవేళ మనసంతా బాల్ పైథాన్ మీదే ఉంటే, చోటు దొరికేదాకా ఆగండి, తప్పేం లేదు. ఆ పాము ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 62 ఏళ్లు దాటిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు కూడా పెట్టింది. స్పైడర్ అనే రంగు రకం మాత్రం తీసుకోకండి, వాటికి పుట్టుకతోనే తల ఊగే నరాల సమస్య ఉంటుంది.

ఏది తెచ్చుకున్నా మొదటి వారం చేతిలోకి తీసుకోకండి. నీళ్లు మార్చి వదిలేయండి. వారం తర్వాత, దాని ఒంట్లో అన్నిటికంటే లావుగా ఉన్నచోటుకు మించని ఎలుకను సాయంత్రం పెట్టండి. రెండుసార్లు తిన్నాక, తిన్న రెండు రోజులు వదిలేసి, అప్పుడు మెల్లగా చేతికి అలవాటు చేయండి.