.38 తూటాలు కాల్చాక .357 రివాల్వర్ సిలిండర్ పట్టేస్తుంటే

“.357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ కాలుస్తున్నా. యాభై దాటేసరికి సిలిండర్ తిరగనని మొరాయిస్తోంది, .357 తూటాలు చివరిదాకా దిగట్లేదు. స్ప్రింగు మార్చాలా?” అని అడిగారు. అక్కర్లేదు. ఇవి రెండు వేర్వేరు తంటాలు. రెండిటికీ మూలం మసే.

ముందు తుపాకీ ఖాళీ చేసి, ఛాంబర్లన్నీ (సిలిండర్‌లో తూటాలు కూర్చునే గుంటలు) కంటితో చూసి, తూటాలు వేరే గదిలో పెట్టండి.

సిలిండర్ పట్టేస్తే మొదట చూడాల్సింది ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ అడుగు. అంటే సిలిండర్ వెనక, కాల్చిన తూటాల డొల్లల్ని (కేసుల్ని) బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క. దాన్ని లేపే ఎజెక్టర్ రాడ్ నొక్కిపట్టి లైటు వేసి చూడండి, కాలని తుపాకీ మందు రేకులు కనిపిస్తాయి. ఒక్క రేకు ఇరుక్కున్నా స్టార్ పూర్తిగా కూర్చోదు. తూటాల అంచులు ఎత్తుగా నిలిచి వెనక ఫ్రేముకి రాసుకుంటాయి. పొడి టూత్‌బ్రష్‌తో స్టార్ అడుగూ, అది కూర్చునే గుంటా దులపండి. అక్కడ నూనె వద్దు, మందు అతుక్కుంటుంది. కేసులు తీసేటప్పుడు సిలిండర్ తెరిచి, బ్యారెల్ మూతి నిటారుగా పైకి పెట్టి, రాడ్‌ని అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టండి. కేసులతోపాటు పొడీ కింద రాలుతుంది. మూతి కిందికి పెట్టి మెల్లగా తోస్తే ఆ పొడంతా చేరేది స్టార్ కిందికే. (మన కాన్పూర్ .32 మడత రివాల్వర్‌లో, అంటే మధ్యలో విరిచి తెరిచేదాంట్లో, తెరవగానే స్టార్ తనంతట తనే లేస్తుంది. దానికీ ఇదే దులుపుడు.)

ఇక తూటా దిగకపోవడం. .38 కేసు పొడవు 29.3 మిల్లీమీటర్లు, .357ది 32.8. పొట్టి కేసు మూతి ముందు, ఆ మూడున్నర మిల్లీమీటర్ల మేర ఛాంబర్‌లో మసి ఉంగరంలా గట్టిపడుతుంది. సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం) పట్టించి పావుగంట ఆగి, ఒక సైజు పెద్దదైన .40 కంచు బ్రష్‌ని తిప్పుతూ వెనక నుంచి ముందుకి తోయండి. స్టీలు బ్రష్ వద్దు. తర్వాత పొడి గుడ్డ ప్యాచ్‌తో తుడవండి. .357 డమ్మీ తూటా తన బరువుకే జారితే పని అయినట్టే. మసి ఉండగా అసలు తూటాని బలవంతంగా తోయకండి; కేసు మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది.

సిలిండర్ ముఖం మీది నల్ల మరకలతో నష్టమేమీ లేదు. సీసం తుడిచే గుడ్డ స్టెయిన్‌లెస్ మీద పర్వాలేదు గానీ, బ్లూయింగ్ (నీలి నలుపు పూత) ఉన్న తుపాకీ మీద రంగు లేపేస్తుంది.

ఇంత చేసినా సిలిండర్ తెరుచుకోవడం కష్టంగా ఉంటే మసిని వదిలేసి ఎజెక్టర్ రాడ్ వదులైందేమో చూడండి. ఇటీవలి స్మిత్ అండ్ వెసన్‌లలో దానికి ఎడమ మర. బిగించడానికి అపసవ్యంగా తిప్పాలి. తిప్పే ముందు ఛాంబర్లలో ఖాళీ కేసులు పెట్టండి, లేకపోతే ఆ బలమంతా స్టార్ మీద పడుతుంది.